మన యింటి స్పీకరు: మనకు వినిపించునదా, మనలను వినునదా?

(గృహ పాఠము – కుటుంబముగా చదివి చర్చించుకొనుటకు)

పాఠోద్దేశము: పాటలు, వాక్యపఠనము, పెద్దల మాటలు ఇంటిలో వినుటకు ఎట్టి స్పీకరు కొనవలెనో, ఎందువలన కొనవలెనో కుటుంబమంతయు కలిసి ఆలోచించి నిర్ణయించుకొనుట.



క్రిందటి వర్షాకాలములో బరంపురములో ఒక యింటికి సాయంకాల ప్రార్థనకు వెళ్లితిమి. ఆ యింటి పెద్దావిడకు ఎనుబదికి దగ్గర వయస్సు. ఆమె భర్త ముప్పది సంవత్సరములు సంఘములో పాట ఎత్తినవారు, ఇప్పుడు లేరు. పూణేలో ఉద్యోగము చేయుచున్న కుమారుడు తల్లికి కాలక్షేపముగా ఉండునని మాటతో పలుకు స్మార్టు స్పీకరు ఒకటి పంపియుండెను. గుండ్రముగా, ముచ్చటగా బల్లమీద ఉన్నది. ప్రార్థన అయిన తరువాత ఆమె మనుమనితో,

"ఒరేయ్ నాయనా, మీ తాత పాడిన పాట పెట్టరా, అయ్యగారు వింటారు" అన్నది.

"నెట్ పోయింది నాన్నమ్మా, అది పలకదు" అన్నాడు ఆ కుర్రవాడు.

"పాట పెట్టమంటే నెట్ ఎందుకురా? పాట ఇంట్లోనే ఉంది గదా!"

పాట నిజముగా ఇంటిలోనే ఉన్నది. అలమారలో చీరల అడుగున, 1994లో నింపిన ఒక క్యాసెట్టులో ఉన్నది. దానిని పలికించు టేపురికార్డరు ఏనాడో పాడైపోయినది. బల్లమీది పెట్టెకు లోకములోని పాటలన్నియు తెలియునట గాని ఆ యింటి యజమాని గొంతు మాత్రము తెలియదు. నెట్ వచ్చినను తెలియదు. ఆ రాత్రి తిరిగి వచ్చుచు ఈ సంగతి ఆలోచించితిని. అందునుండి పుట్టినదే ఈ పాఠము.

1. రెండు రకముల పెట్టెలు

సాదా స్పీకరు పని మనమందరము ఎరుగుదుము. పెన్‌డ్రైవులోనో, మెమరీ కార్డులోనో, తీగ చివర ఉన్న ఫోనులోనో పాట ఉండును. లోపలి ఆంప్లిఫయరు ఆ సంకేతమును పెంచును, కాగితపు శంఖు కదలును, మనము విందుము. పాట ఇంటిలోనే పుట్టి ఇంటిలోనే ముగియును.

స్మార్టు స్పీకరులో స్పీకరుతోపాటు మైకులు కూడ ఉండును. దానిని పిలుచుటకు ఒక మేలుకొలుపు మాట కలదు. ఆ మాట వినబడునేమోనని అది ఎల్లప్పుడు చెవి యొగ్గి యుండును. వినబడినదని తోచగానే అటు తరువాత మనము పలికిన మాటలను ఇంటర్నెట్ ద్వారా దూరపు కంప్యూటర్లకు పంపును. అక్కడ అర్థము తీసి, జవాబు తిరిగి పంపుదురు. మేలుకొలుపు మాటను గుర్తించు పని మాత్రమే పెట్టెలో జరుగును, తక్కిన తెలివి చాలమట్టుకు బయటనే ఉన్నది.

అమెజాన్ సంస్థ ఎకో అను ఇట్టి పెట్టెను 2014లో అమెరికాలో విడుదల చేసెను. మన దేశమునకు అది 2017లో వచ్చెను. గూగుల్ సంస్థ వారి హోమ్ స్పీకరు 2016లో అమెరికాలోను, 2018లో మన దేశములోను వచ్చెను. ఈ కొద్ది సంవత్సరములలోనే అవి అనేకుల యిండ్లలో చేరినవి. వాటిని కనిపెట్టినవారిని నిందించుట ఈ పాఠము ఉద్దేశము కాదు. మన అవసరమునకు ఏది తగునో తెలిసికొనుటయే ఉద్దేశము.

2. మన మాట ఎక్కడికి పోవుచున్నది?

మేలుకొలుపు మాట కాకపోయినను, దానివలె ధ్వనించు మరొక మాట విని ఈ పెట్టెలు పొరపాటున మేల్కొనుట కలదు. అప్పుడు మనము పిలువకుండగనే మన మాటలు కొన్ని బయటికి పోవును.

2019వ సంవత్సరములో ఈ సంగతులు పత్రికలలో వచ్చినవి. అమెజాన్, గూగుల్, ఆపిల్ ఈ మూడు సంస్థలలోను, యంత్రమునకు భాష నేర్పుటకని, జనులు పలికిన మాటల ముక్కలను కొందరు మనుష్యులు కూర్చుండి వినుచున్నారని తెలిసినది. సంస్థలు దానిని ఒప్పుకొని, అది చాల కొద్ది భాగమేనని చెప్పినవి. ఆపిల్ ఆ పనిని కొంతకాలము నిలిపివేసి క్షమాపణ చెప్పెను.

2023 మే నెలలో అమెరికా ప్రభుత్వము పిల్లల స్వర రికార్డింగుల విషయమై అమెజాన్‌పై అభియోగము మోపెను. పిల్లల మాటలను ఉండవలసిన కాలమునకు మించి దాచియుంచిరనియు, తలిదండ్రులు చెరిపివేయుమని కోరినను పూర్తిగా చెరపలేదనియు ఆ అభియోగము. సంస్థ దానితో ఏకీభవింపలేదు గాని రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. 2025 మార్చి 28 నుండి, కొన్ని ఎకో పరికరములలో అంతకుముందు ఉన్న "నా స్వరమును బయటికి పంపవద్దు" అను ఏర్పాటు కూడ తీసివేయబడెను.

ఇక మన యిండ్లను తలంచుకొందము. ముందు గదిలోనే భార్యాభర్తలు అప్పుల సంగతి మాటలాడుకొందురు. అక్కడనే పెండ్లి సంబంధములు కుదురును. అక్కడనే ఒక సహోదరి వచ్చి కన్నీటితో తన బాధ చెప్పుకొనును. ఆమె మనయందు నమ్మకముంచి చెప్పినది గాని బల్లమీది పెట్టెయందు కాదు. మన పొరపాటు లేకపోయినను ఆమె మాట ఇల్లు దాటి పోవు అవకాశము ఉన్నప్పుడు, ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పుట న్యాయము. అట్లు చెప్పుటకు మనకే మొగమాటముగా ఉన్నయెడల, ఆ పెట్టె ఆ గదిలో ఉండదగునా అని ఆలోచింపవలెను.

3. పెట్టె మనది, ప్రాణము పరులది

డబ్బిచ్చి కొన్న వస్తువు మనదే అనుకొందుము. అయితే బయటి కంప్యూటరుపై ఆధారపడిన వస్తువు, ఆ కంప్యూటరు నడిపించువారు నడిపించినంత కాలమే నడుచును. కొన్ని నిదర్శనములు:

2020 జనవరిలో సోనోస్ సంస్థ, తన పాత స్పీకర్లు కొన్నిటికి ఆ సంవత్సరము మే నుండి క్రొత్త సాఫ్ట్‌వేరు ఇయ్యబోమని ప్రకటించెను. వేల రూపాయలు పెట్టి కొన్నవారు గగ్గోలు పెట్టగా, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పవలసి వచ్చెను. అదే సంస్థ 2024 మేలో ఫోనులోని యాప్‌ను మార్చగా, అంతకుముందున్న సౌకర్యములు కొన్ని మాయమైనవి. స్పీకరు మారలేదు, గోడమీద అదే స్థలములో ఉన్నది. మారినది యాప్ మాత్రమే. అయినను యజమానులు ఇబ్బంది పడిరి.

2025 మార్చిలో గూగుల్ వారి రెండవ తరము క్రోమ్‌కాస్ట్, క్రోమ్‌కాస్ట్ ఆడియో పరికరములు ఒక్కసారిగా కొన్ని దినములు పనిచేయుట మానివేసినవి. వాటి లోపల ఉన్న ఒక డిజిటల్ ధ్రువపత్రము గడువు తీరిపోవుటయే కారణము. పాలప్యాకెట్టుమీద తేదీ దాటినట్లు ఇక్కడను తేదీ దాటినది. అయితే కొన్నవారికి ఆ తేదీ కనబడలేదు.

2025 అక్టోబరులో బోస్ సంస్థ తన సౌండ్‌టచ్ స్పీకర్లకు ఇంటర్నెట్ ద్వారా అందుచున్న సేవను 2026లో ఆపివేయుదుమని తెలియజేసెను. ఆ ప్రకటనలోనే, తీగ ద్వారాను బ్లూటూత్ ద్వారాను పాట వినుట మాత్రము యథాప్రకారము సాగునని కూడ చెప్పిరి. ఈ ఒక్క సంగతి మన పాఠమంతటికి సారము. తెలివి పోయిన తరువాత కూడ తీగ మిగిలినది. కనుక తీగ పెట్టుకొను రంధ్రము లేని స్పీకరును కొనకుండుట మంచిది.

4. మన భాష సంగతి

మనము సొంత రాష్ట్రము విడిచి తరములు గడిచినవారము. బడిలో పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుచున్నారు. తెలుగు వారికి ఇంటిలోను, ఆలయములోను మాత్రమే వినబడుచున్నది. ఆ రెండు స్థలములలో తెలుగు తగ్గినయెడల మూడవ స్థలము లేదు.

అమెజాన్ పెట్టె మన దేశములో ఇంగ్లీషుతో ఆరంభమై 2019లో హిందీ నేర్చుకొనెను. గూగుల్ సహాయకునితో ఫోనులో తెలుగున మాటలాడు వీలు కూడ వచ్చినది. యంత్రములు మన భాష నేర్చుకొనుట సంతోషమే. అయినను మన పిల్లలు ఆ పెట్టెతో ఏ భాషలో మాటలాడుచున్నారో గమనించుడి. అది తడబడకుండ గ్రహించు భాషలోనే, అనగా మిక్కిలిగా ఇంగ్లీషులోనే, ఆజ్ఞలు ఇచ్చుచున్నారు. పర్లాకిమిడి యాస, కోలారు యాస, షోలాపురపు పద్మశాలి వీధుల యాస, యానాము యాస దానికి అర్థము కాక నాన్నమ్మ రెండుసార్లు అడిగి మూడవసారి ఊరకుండును. తన యింటిలో తానే మూగదగును.

సాదా స్పీకరుకు భాష తెలియదు గనుక ఏ యాసను అది తప్పు పట్టదు. మనము ఏది నింపితిమో అదే పలుకును. తాతగారి పాట, అమ్మమ్మ చెప్పిన కథ, మన పాస్టరుగారి ప్రసంగము, ఊరిలో ఉన్న మేనత్త పండుగకు పంపిన శుభాకాంక్ష, ఇవన్నియు ఆ యింటి తెలుగులోనే పిల్లల చెవిని పడును.

5. కొనునప్పుడు చూడవలసినవి

చెన్నై రిచీ వీధి, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, ముంబయి లామింగ్టన్ రోడ్డు వంటి అంగళ్లలోనే గాక, మన పేటలోని చిన్న దుకాణములో కూడ సాదా స్పీకర్లు దొరకును. ఒక గదికి సరిపోవు స్పీకరుకు వెయ్యి, రెండువేల రూపాయలు చాలును. డబ్బు ఇయ్యకముందు ఈ క్రింది సంగతులు పరీక్షించుడి.

(అ) నెట్ లేకుండ పలుకవలెను. మీ ఫోనులో డేటా ఆపివేసి, దుకాణములోనే పెన్‌డ్రైవుతో, తీగతో, ఎఫ్.ఎం.తో ఒక్కొక్కసారి పలికించి చూడుడి. మొదట యాప్ పెట్టుకొని ఖాతా తెరువవలెనని చెప్పినయెడల అది మనకు కావలసిన వస్తువు కాదు.

(ఆ) మనిషి మాట స్పష్టముగా ఉండవలెను. దుకాణదారుడు దడదడలాడు సినిమా పాట పెట్టును. మీరు ఒకరు చదువుచున్న లేక ప్రసంగించుచున్న రికార్డింగు తీసికొనిపోయి అది వినుడి. మందరధ్వని ఎక్కువైన స్పీకరులో మాటలు మసకబారును. పెద్దవారికి అది మరింత కష్టము.

(ఇ) వాట్ల సంఖ్యకు మోసపోవద్దు. పెట్టెపై పెద్ద అక్షరములతో పి.ఎం.పి.ఓ. అని వేసిన సంఖ్య క్షణకాలపు లెక్క. ఆర్.ఎం.ఎస్. అని ఉన్న సంఖ్యయే ఎడతెగక ఇయ్యగల శక్తి. వాట్లు రెండింతలైనను ధ్వని రెండింతలు కాదు, పెరుగుట 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల శక్తి కావలెను. కనుక ఇంటి గదికి 5 మొదలు 10 వాట్లు ధారాళముగా చాలును.

(ఈ) మీటలు చేతికి తెలియవలెను. కన్ను మసకగా ఉన్నవారు తడిమి నొక్కుటకు వీలైన మీటలు ఉండవలెను. ఆపిన చోటనే తిరిగి ఆరంభమగు సౌకర్యము ఉన్నదా అని అడుగుడి. అది లేనిచో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి గంట ప్రసంగము మొదటికి వచ్చును.

(ఉ) బ్యాటరీ మార్చుకొను వీలుండవలెను. చిన్న ఎఫ్.ఎం. పెట్టెలు అనేకమునకు పాత నోకియా ఫోనులలో వాడిన బి.ఎల్-5సి రకపు బ్యాటరీ సరిపోవును. అది ఫోను దుకాణములలో దొరకును. బ్యాటరీ లోపల అతికించి మూసివేసిన స్పీకరు, బ్యాటరీ పోగానే చెత్తకు పోవును.

సోమరితనముచేత ఎల్లప్పుడు ప్లగ్గులో ఉంచు వస్తువునకు ఖర్చు కూడ కలదు. 2 వాట్లు తీసికొను పెట్టె రాత్రింబగళ్లు ఉన్నయెడల సంవత్సరమునకు సుమారు 17 యూనిట్లు అగును. రూటరు ఖర్చు, నెలనెల నెట్ చందా, పాటల చందా దానికి వేరు. సాదా స్పీకరు మీట నొక్కగానే నిజముగా ఆగిపోవును.

6. పాటలు నింపుట, క్యాసెట్లు కాపాడుట

ఎం.పి.3 రూపములో 128 కిలోబిట్ల లెక్కన ఒక నిమిషమునకు సుమారు 1 మెగాబైటు పట్టును. కనుక 32 జీబీ పెన్‌డ్రైవులో 500 గంటలకు పైగా వినుటకు సరిపడునంత నింపవచ్చును. సాదా స్పీకర్లు అనేకము ఫ్యాట్32 అను పద్ధతిలో సిద్ధము చేసిన పెన్‌డ్రైవునే చదువును. వేరు పద్ధతిలో ఉన్నచో పలుకవు. అప్పుడు స్పీకరు చెడినదని అనుకొనవద్దు. మరియొక సంగతి, చౌక పెట్టెలు పేరు వరుసలో గాక, మనము ఎక్కించిన వరుసలో పలుకును. కనుక 01, 02 అని పేర్లముందు అంకెలు వేసి, ఆ వరుసలోనే ఒక్కొక్కటిగా ఎక్కించుడి.

పాత క్యాసెట్ల విషయము ఆలస్యము చేయదగినది కాదు. పనిచేయు టేపురికార్డరు ఒకటి సంఘములో ఎవరియొద్దనైన ఉండవచ్చును. దాని ఇయర్‌ఫోను రంధ్రమునుండి తీగతో కంప్యూటరుకు కలిపి, ఉచితముగా దొరకు ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరుతో నింపవచ్చును. ముందుగా క్యాసెట్టును ఒకసారి కడవరకు త్రిప్పి, వెనుకకు త్రిప్పుడి. తల భాగమును స్పిరిట్ తడిపిన దూదితో తుడువుడి. ధ్వని మీటరు ఎఱుపు గీత దాటకుండ చూచుకొనుడి. 60 నిమిషముల క్యాసెట్టు నింపుటకు 60 నిమిషములు పట్టును, దానికి అడ్డదారి లేదు. మూలప్రతిని వేవ్ రూపములో దాచుడి, నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. వినుటకు దానినుండి ఎం.పి.3 చేసికొనుడి. పెన్‌డ్రైవు ఎప్పుడైనను చెడవచ్చును గనుక కనీసము రెండు ప్రతులు రెండు వేరు ఇండ్లలో ఉంచుడి.

7. ఎదుటి పక్షము మాట

న్యాయముగా చెప్పవలెనన్న, మాటతో నడుచు స్పీకరు కొందరికి మేలు చేయును. చూపు లేనివారికి, మంచము విడువలేనివారికి, చేతులు స్వాధీనములో లేనివారికి గొంతుతోనే సమయము అడుగుట, ఫోను చేయించుట గొప్ప సహాయము. అట్టివారి యింట దానిని చూచి ఎవరును విమర్శింపరాదు. అయితే ప్రార్థన సమయమునందును, అతిథులు ఆంతరంగిక సంగతులు చెప్పుకొను సమయమునందును దాని మైకు మీట ఆపివేయుట లేక ప్లగ్గు తీసివేయుట అలవాటు చేసికొనుడి. పాత రికార్డింగులను అప్పుడప్పుడు ఖాతాలో చెరిపివేయుడి. ఇదివరకే కొన్నవారు పారవేయవలసిన పనిలేదు. దానిలో బ్లూటూత్ ఉన్నయెడల మైకు ఆపి, సాదా స్పీకరువలె వాడుకొనవచ్చును.

బ్లూటూత్ స్పీకరు కూడ సాదా రకములోనిదే గాని, పాట ఫోనులో ఉండవలెను, ఫోను సుమారు 10 మీటర్ల లోపల ఉండవలెను. ఫోను పట్టుకొని మనుమడు బయటికి పోయిన, నాన్నమ్మ పాట కూడ అతని వెంట పోవును. కనుక బ్లూటూత్ ఉన్నను, పెన్‌డ్రైవు రంధ్రము కూడ ఉండవలెనని మా సలహా.

ముగింపు

బరంపురపు ఇంటి సంగతి చెప్పి ముగించెదను. ఆ మనుమడు ఊరకుండలేదు. వీధి చివర రేడియో మెకానిక్కు నొకనిని పట్టుకొని, అతని యొద్ద ఉన్న పాత టేపురికార్డరుతో క్యాసెట్టు పలికించెను. మొదటి ప్రక్క బూజు పట్టి చాలమట్టుకు పోయినది. రెండవ ప్రక్కలో నాలుగు పాటలు దక్కినవి. నాలుగవ పాట మధ్యలో తాతగారు దగ్గి, "ఉండండి, మళ్లీ ఎత్తుకుందాం" అని నవ్విన నవ్వు కూడ దక్కినది.

మొన్న మరల వెళ్లినప్పుడు ఆ రోజు కూడ నెట్ లేదు. పెద్దావిడ ఎవరిని అడుగలేదు. లేచి పోయి, కిటికీలో ఉన్న చిన్న పెట్టె మీటను వ్రేలితో తడిమి నొక్కెను. తాతగారు పాడిరి, దగ్గిరి, నవ్విరి. అయిదేండ్ల ముని మనుమరాలు, "ఎవరు నాన్నమ్మా ఆయన?" అని తెలుగులో అడిగినది. ఆమె చెప్పసాగినది. మేము చాలసేపు కూర్చుంటిమి.

మొదటి ప్రక్క మాత్రము ఇక రాదు. మీ అలమారలో చీరల అడుగున ఏమున్నదో ఈ రాత్రియే చూచుకొనుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో మైకు ఉన్న వస్తువులు ఎన్ని? అవి ఏ ఏ గదులలో ఉన్నవి?
2. మన యింటికి వచ్చి తమ బాధ చెప్పుకొనువారికి వాటి సంగతి తెలియజేయుట మన బాధ్యతయా? ఎందుచేత?
3. నెట్ ఒక దినమంతయు లేనియెడల మన యింటి పెద్దవారు స్వయముగా ఏమి వినగలరు?
4. మన పిల్లలు దినమునకు ఎంతసేపు తెలుగు వినుచున్నారు? ఎవరి గొంతున వినుచున్నారు?
5. సోనోస్, క్రోమ్‌కాస్ట్, బోస్ నిదర్శనములనుబట్టి, వస్తువు కొనునప్పుడు దుకాణదారుని మనము ఏ ప్రశ్నలు అడుగవలెను?

ఈ నెల చేయవలసిన పని

ప్రతి కుటుంబము తమ యింటి పెద్దవారిలో ఒకరి మాటలను అరగంట ఫోనులో నింపవలెను. ఏ ఊరినుండి వచ్చితిరి, ఎవరు మొదట వచ్చిరి, ఏ పని చేసిరి అని అడుగుడి. దానిని పెన్‌డ్రైవులో వేసి, ఒక ప్రతి మీయొద్దను, మరియొక ప్రతి వేరొక ఊరిలో ఉన్న బంధువులయొద్దను ఉంచుడి. పనిచేయు టేపురికార్డరు ఉన్నవారు తమ సంఘ కార్యదర్శికి తెలియజేసినయెడల, క్యాసెట్లు ఉన్నవారికి సహాయముగా ఉండును.